భాగం - 9 : ఒకే పౌనఃపున్యంలో పంపడం, వినడం – ఫుల్ డ్యూప్లెక్స్ రేడియోపై విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• రేడియో ఒకే సమయంలో, ఒకే పౌనఃపున్యంలో పంపుతూ వినడం ఎందుకు కష్టమో అంకెలతో వివరించగలుగుతారు.
• 2010, 2013 సంవత్సరాల్లో వెలువడిన రెండు పరిశోధన పత్రాల బలాలు, పరిమితులు చెప్పగలుగుతారు.
• 'స్పెక్ట్రమ్ రెట్టింపవుతుంది' అనే వాదన ఏ షరతుల్లో నిలుస్తుందో, ఎక్కడ నిలవదో అంచనా వేయగలుగుతారు.
• స్పెక్ట్రమ్‌ను నలుగురూ పంచుకునే చోట ఈ రేడియో ఉపయోగాన్ని విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

పోలీసు కానిస్టేబుల్ చేతిలోని వైర్‌లెస్ సెట్‌ను మీరు చూసే ఉంటారు. మాట్లాడాలంటే బటన్ నొక్కాలి. మాట పూర్తయ్యాక 'ఓవర్' అని బటన్ వదలాలి. బటన్ నొక్కి ఉన్నంతసేపు అవతలివారి మాట వినబడదు. ఈ పద్ధతిని హాఫ్ డ్యూప్లెక్స్ అంటారు.

మొబైల్ ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోగలరు కదా అని మీకు సందేహం రావచ్చు. అక్కడ కూడా ఇబ్బందిని తొలగించలేదు, పక్కకు తప్పించారు. జీఎస్ఎమ్-900 విధానంలో ఫోన్ నుంచి టవర్‌కు 890–915 మెగాహెర్ట్జ్, టవర్ నుంచి ఫోన్‌కు 935–960 మెగాహెర్ట్జ్ అని రెండు పట్టీలు కేటాయించారు. మన దేశంలో 5జీకి వాడే 3.3 గిగాహెర్ట్జ్ పట్టీలో రెండు దిశలకూ పట్టీ ఒక్కటే, కాని కాలాన్ని చిన్నచిన్న ముక్కలుగా చేసి వంతులు వేస్తారు. మొదటి పద్ధతిలో పట్టీని, రెండో పద్ధతిలో కాలాన్ని పంచారు. ఏ పద్ధతిలోనైనా ఉన్న వనరు రెండుగా చీలుతుంది.

ఈ చీలిక తప్పదని పాఠ్యగ్రంథాలు చాలాకాలం చెప్పాయి. 2010 తరవాత కొన్ని ప్రయోగాలు ఆ మాటను కాదనడంతో 'ఇక స్పెక్ట్రమ్ రెట్టింపు' అనే ప్రచారం మొదలయింది. స్పెక్ట్రమ్ ప్రజల ఆస్తి. 2022లో మన దేశంలో జరిగిన వేలంలో సుమారు లక్షన్నర కోట్ల రూపాయల స్పెక్ట్రమ్ అమ్ముడుపోయింది. ఇంత విలువైన వనరు రెట్టింపవుతుందని ఎవరైనా అంటే, ఆ మాటను తూచి చూడటం చదువుకున్నవారి బాధ్యత. ఒక వాదన ఏ షరతుల్లో నిజమో, ఆ షరతులు మన చుట్టూ ఉన్న పరిస్థితుల్లో ఉన్నాయో లేవో తేల్చడమే ఇక్కడ విమర్శ చేయవలసిన పని.

9.2 సమస్య ఎంత పెద్దది?

మీరు గట్టిగా అరుస్తున్నప్పుడు వీధి చివర ఎవరో గుసగుసలాడితే వినబడదు. రేడియో పరిస్థితి కూడా ఇదే. దాని ప్రసారిణి నుంచి వచ్చే సంకేతం దాని గ్రాహకాన్నే ముంచెత్తుతుంది. దీన్ని స్వీయ వ్యతికరణం అంటారు.

ఒక సాధారణ వైఫై రూటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది 100 మిల్లీవాట్ల సామర్థ్యంతో, అంటే 20 డీబీఎమ్‌తో ప్రసారం చేస్తుందనుకోండి. 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్‌లో గ్రాహకపు నాయిస్ స్థాయి సుమారు –90 డీబీఎమ్, అంటే వాట్‌లో లక్ష కోట్లవ వంతు. ఈ రెండింటి మధ్య తేడా 110 డెసిబెల్‌లు. మామూలు లెక్కలో చెప్పాలంటే, రేడియో తన సొంత గొంతును పదివేల కోట్ల రెట్లు తగ్గించుకుంటే అది నాయిస్ స్థాయికి దిగుతుంది.

'మనం పంపినదేమిటో మనకు తెలుసు కదా, దాన్ని తీసివేస్తే సరిపోదా?' అనిపించడం సహజం. నిజానికి ఈ ఆలోచన పాతదే. ల్యాండ్‌లైన్ ఫోన్‌లో ఒకే జత తీగల మీద రెండు మాటలూ నడిచేవి. మన గొంతు మన చెవిలో హోరెత్తకుండా ఫోన్ లోపల ఒక ప్రత్యేక వలయం చూసుకునేది. రేడియోలో మాత్రం రెండు చిక్కులున్నాయి.

మొదటిది, కంప్యూటర్‌లో ఉన్న సంకేతం, ఆంటెన్నా నుంచి వెలువడే సంకేతం అచ్చంగా ఒకటి కావు. మధ్యలో పవర్ యాంప్లిఫయర్ దాన్ని వక్రీకరిస్తుంది, తన సొంత నాయిస్‌ను కలుపుతుంది. గోడలకు, మనుషులకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనులు కూడా తోడవుతాయి. అందువల్ల మనం పంపినది మనకే పూర్తిగా తెలియదు.

రెండోది, సంకేతాన్ని అంకెలుగా మార్చే పరికరానికి ఒక హద్దు ఉంది. దాని ప్రతి బిట్‌కు సుమారు 6 డెసిబెల్‌ల వ్యాప్తి వస్తుంది. 12 బిట్ల పరికరానికి ఇది 72 డెసిబెల్‌లు. బలమైన సొంత సంకేతం ముందే ఆ వ్యాప్తిని నింపేస్తే అవతలి బలహీన సంకేతానికి చోటుండదు. కాబట్టి తీసివేతలో కొంత భాగం అంకెలుగా మార్చక ముందే జరగాలి.

9.3 పరిశీలనకు తీసుకున్న పరిశోధనలు

9.3.1 2010 నాటి ప్రయత్నం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జంగ్ ఇల్ చోయ్, మయాంక్ జైన్, కన్నన్ శ్రీనివాసన్, ఫిలిప్ లెవిస్, సచిన్ కట్టి 2010 మోబీకామ్ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. వారి ఉపాయం సులువైనది. రెండు ప్రసార ఆంటెన్నాల నుంచి ఒకే సంకేతాన్ని పంపుతారు. గ్రాహక ఆంటెన్నాకు వాటి దూరాల మధ్య సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం తేడా ఉండేలా అమరుస్తారు. అప్పుడు ఒక తరంగపు శిఖరం మరో తరంగపు ద్రోణిపై పడి రెండూ రద్దవుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు కాబట్టి ఆ తేడా 6.25 సెంటీమీటర్లు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మీరు చదివిన వినాశక వ్యతికరణం ఇదే.

ఈ పత్రం ఘనత ధైర్యంలో ఉంది. అసాధ్యమన్నదాన్ని చేసి చూపింది. లోపాలు కూడా స్పష్టమే. సగం తరంగదైర్ఘ్యం అనే లెక్క ఒక్క పౌనఃపున్యానికే సరిపోతుంది. ఛానెల్ వెడల్పయ్యేకొద్దీ అంచుల్లో రద్దు చెడిపోతుంది. దీనికన్నా బలమైన ఆక్షేపణ మరొకటుంది. ఈ పద్ధతికి మూడు ఆంటెన్నాలు కావాలి. చెరొక వైపు రెండేసి ఆంటెన్నాలున్నా చాలు, అనుకూల పరిస్థితుల్లో మైమో పద్ధతితోనే రెండు సమాచార ధారలు పంపి వేగాన్ని రెట్టింపు చేయవచ్చు. అలాంటప్పుడు ఈ శ్రమ దేనికి?

9.3.2 2013 నాటి పత్రం

2013లో హాంకాంగ్‌లో జరిగిన సిగ్‌కామ్ సదస్సులో దినేష్ భరాడియా, ఎమిలీ మెక్‌మిలిన్, సచిన్ కట్టి సమర్పించిన పత్రం ఈ ఆక్షేపణకు జవాబు చెప్పింది. ఇందులో ఆంటెన్నా ఒక్కటే. దాని వెనుక సర్క్యులేటర్ అనే భాగం బయటికి వెళ్లే సంకేతాన్ని, లోపలికి వచ్చేదాన్ని వేరు చేస్తుంది. అది చేసే వేర్పాటు సుమారు 15 డెసిబెల్‌లే. మిగతా పని రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు అనలాగ్ వలయంలో, ప్రసార సంకేతపు నకలును వేర్వేరు పొడవులున్న మార్గాల గుండా పంపి, తగిన పాళ్లలో కలిపి, గ్రాహకానికి చేరే సంకేతం నుంచి తీసివేస్తారు. తరవాత అంకెల రూపంలో, యాంప్లిఫయర్ చేసిన వక్రీకరణను కూడా లెక్కకట్టి మిగిలినదాన్ని తీసివేస్తారు. మొత్తం రద్దు 110 డెసిబెల్‌ల వరకు చేరింది. 80 మెగాహెర్ట్జ్ వైఫై ఛానెల్‌లో, 20 డీబీఎమ్ ప్రసారంతో, ప్రయోగాల మధ్యగత ఫలితంగా 1.87 రెట్ల వేగం వచ్చిందని రచయితలు నివేదించారు.

ఇది నిజమైన విజయం. మామూలు వైఫై సంకేతంతో, మామూలు సామర్థ్యంతో చేయడం వల్ల 'ప్రయోగశాల బొమ్మ' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే ఆ 1.87 రెట్లు ఒక జత రేడియోల మధ్య, ఇద్దరి దగ్గరా పంపవలసిన సమాచారం ఎల్లప్పుడూ సిద్ధంగా ఉన్నప్పుడు వచ్చిన ఫలితం. ఈ షరతును గుర్తుంచుకోండి. రాబోయే విభాగంలో మన పరిశీలన అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

9.4 'రెట్టింపు' అనే మాట ఎంతవరకు నిలుస్తుంది?

9.4.1 రద్దు కొంచెం తగ్గితే

షానన్ సూత్రం ప్రకారం ఒక హెర్ట్జ్‌కు ఛానెల్ మోయగల సమాచారం = లాగ్₂ (1 + సంకేత–నాయిస్ నిష్పత్తి). ప్రసారం 20 డీబీఎమ్, నాయిస్ –90 డీబీఎమ్, అవతలి నుంచి చేరే సంకేతం –70 డీబీఎమ్ అనుకోండి. అప్పుడు సంకేత–నాయిస్ నిష్పత్తి 100. వంతుల పద్ధతిలో రెండు దిశలకూ కలిపి 6.66 బిట్లు వస్తాయి. ఫుల్ డ్యూప్లెక్స్‌లో ఏమవుతుందో కింది పట్టిక చూపుతుంది. రద్దు కాకుండా మిగిలిన సొంత సంకేతాన్ని నాయిస్‌కు కలిపి లెక్కించాం.

| రద్దు (డెసిబెల్‌లు) | నాయిస్‌తో పోలిస్తే మిగులు | రెండు దిశల మొత్తం (బిట్లు) | లాభం |
|---|---|---|---|
| 120 | పదో వంతు | 13.04 | 1.96 రెట్లు |
| 110 | సమానం | 11.34 | 1.70 రెట్లు |
| 100 | 10 రెట్లు | 6.67 | 1.00 (లాభం లేదు) |
| 90 | 100 రెట్లు | 1.99 | 0.30 (నష్టం) |

మూడో వరుసను మరోసారి చూడండి. 100 డెసిబెల్‌ల రద్దు అంటే సొంత గొంతును వెయ్యి కోట్ల రెట్లు తగ్గించడం. అంత చేసినా లాభం సున్నా. వంతుల పద్ధతిలో ఉన్నా అదే ఫలితం వచ్చేది. గదిలో మనుషులు కదిలితే, పరికరం వేడెక్కితే రద్దు వలయాన్ని మళ్లీ సరిచేయాలి. ఆ సర్దుబాటులో 10 డెసిబెల్‌లు జారిపోతే చాలు, లాభమంతా పోతుంది.

9.4.2 దూరం పెరిగితే

టవర్ ప్రసారం రూటర్‌లాగా 100 మిల్లీవాట్లు కాదు. 40 వాట్లు, అంటే 46 డీబీఎమ్ అనుకుందాం. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో నాయిస్ సుమారు –96 డీబీఎమ్. అంటే రద్దు 140 డెసిబెల్‌లు దాటాలి. 2013 పత్రం సాధించినదానికి ఇది వెయ్యి రెట్లు పైన. అందువల్ల ఈ పద్ధతి తక్కువ సామర్థ్యంతో, దగ్గరి దూరాలకు పనిచేసే చోటే బాగా అమరుతుంది. ఊరి చివర ఒక గీత సిగ్నల్‌తో ఈ పాఠాన్ని దించుకుంటున్న విద్యార్థికి 'రెట్టింపు' కబురు వల్ల ఒరిగేది తక్కువ. ఆ విద్యార్థికి ముందు కావలసింది దగ్గరలో మరో టవర్.

9.4.3 పొరుగువారు ఉంటే

ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు ఇళ్లు, రెండు రూటర్లు, ఒకే ఛానెల్ అనుకోండి. వంతుల పద్ధతిలో మొదటి ఇంట్లో ఏ క్షణంలోనైనా ఒక కొస మాత్రమే ప్రసారం చేస్తుంది. రూటర్ వింటూ, గది చివరి ల్యాప్‌టాప్ పంపుతున్న క్షణంలో పక్కింటివారికి సందు దొరకవచ్చు. ఫుల్ డ్యూప్లెక్స్‌లో రెండు కొసలూ ఒకేసారి మోగుతాయి. ఆ జత ఆక్రమించే ప్రదేశం పెరుగుతుంది, పక్కింటికి దొరికే సందు తగ్గుతుంది. రేడియో తన గొంతును తన చెవిలో రద్దు చేసుకోగలదు గాని పొరుగువారి చెవిలో రద్దు చేయలేదు.

సెల్యులార్ జాలంలో ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. టవర్ ఒక ఫోన్ నుంచి వింటూ, అదే పౌనఃపున్యంలో మరో ఫోన్‌కు పంపుతోందనుకోండి. మొదటి ఫోన్ పంపే సంకేతం రెండో ఫోన్ వినికిడిని చెడగొడుతుంది. ఆ సంకేతంలో ఏముందో రెండో ఫోన్‌కు తెలియదు కాబట్టి తీసివేయలేదు. 2014 ఇన్ఫోకామ్ సదస్సులో షియూఫెంగ్ షీ, షిన్యూ జాంగ్ 'జాలం మొత్తం సామర్థ్యం రెట్టింపవుతుందా' అన్న ప్రశ్ననే చేపట్టి, లాభం రెట్టింపుకు బాగా తక్కువని చూపారు.

9.4.4 సమాచారం రెండు వైపులా లేకపోతే

మీరు వీడియో పాఠం చూస్తున్నప్పుడు దాదాపు అంతా కిందికే వస్తుంది. పైకి వెళ్లేది చాలా కొద్ది. ఎదురుదిశలో పంపడానికి ఏమీ లేనప్పుడు ఆ దారి తెరిచినా ఖాళీగానే ఉంటుంది. వీడియో కాల్ వంటి సందర్భాలు వేరు, కాని రోజంతా అవే ఉండవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
గమనిక: మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చినదానితో సరిచూసుకోండి.
1. ఒక రేడియో 10 డీబీఎమ్‌తో ప్రసారం చేస్తుంది. నాయిస్ –90 డీబీఎమ్. స్వీయ వ్యతికరణాన్ని నాయిస్ స్థాయికి దించడానికి ఎన్ని డెసిబెల్‌ల రద్దు కావాలి?

9.5 స్పెక్ట్రమ్ పంచుకోవడంలో దీని అసలు విలువ

ఇంతవరకు చూసినదాన్ని బట్టి ఫుల్ డ్యూప్లెక్స్ వల్ల ప్రయోజనం లేదని తీర్మానిస్తే అది తొందరపాటు. వేగాన్ని కొలిచే కొలబద్దతో మాత్రమే చూడటం వల్ల దాని మరో గుణం మరుగున పడింది. అది మాట్లాడుతూనే వినగలదు. పంచుకునే చోట ఈ గుణానికి చాలా విలువ ఉంది.

పాత ఈథర్‌నెట్ తీగ మీద ఇద్దరు ఒకేసారి పంపితే ఢీ జరిగినట్టు పంపుతున్నవారికి వెంటనే తెలిసేది, ఆపేసేవారు. వైఫైలో అలా కుదరదు. పంపుతున్న రేడియో చెవిటిది. మొత్తం సందేశం పంపి, అందినట్టు జవాబు రాకపోతే అప్పుడు ఏదో చెడిందని ఊహించుకుంటుంది. అప్పటికే కాలం వృథా అయిపోయింది. మాట్లాడుతూ వినగల రేడియోకు ఢీ సంగతి మధ్యలోనే తెలియవచ్చు. సందేశం అందుకుంటున్న రేడియో కూడా అదే సమయంలో ప్రసారం చేస్తుంటే, పంపేవారి గొంతు వినబడనంత దూరంలో ఉన్న మూడోవారికి ఛానెల్ ఖాళీగా లేదని తెలుస్తుంది. పై విభాగంలో దోషంగా కనిపించిన 'రెండు కొసలూ మోగడం' ఇక్కడ గుణమయింది. ఒకే లక్షణం ఒకచోట నష్టం, మరొకచోట రక్షణ కావడాన్ని గమనించండి.

ఇక హక్కుదారు ఒకరు, అతిథి మరొకరు అయిన చోటు చూద్దాం. టీవీ ఛానెళ్ల మధ్య ఖాళీలను వాడుకోవడానికి 2011లో వెలువడిన ఐఈఈఈ 802.22 ప్రమాణంలో 'మౌన సమయాలు' ఉన్నాయి. అతిథి రేడియోలు అన్నీ కొంతసేపు ప్రసారం ఆపి, టీవీ సంకేతం ఉందేమో వింటాయి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలోని కొన్ని ఛానెళ్లలో వైఫై రూటర్ మొదలవడానికి ముందు 60 సెకన్లు రాడార్ కోసం వినాలి. ఆ తరవాత రాడార్ కనిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, 30 నిమిషాలు తిరిగి రాకూడదు. రూటర్ తాను పంపుతున్న క్షణాల్లో వినలేదు కాబట్టి సందుల్లోనే రాడార్‌ను పట్టుకోవాలి. ఫుల్ డ్యూప్లెక్స్ రేడియో అయితే మౌనం పాటించకుండానే కాపలా కాయగలదనేది దాని సమర్థకుల వాదన.

ఈ వాదన ఆకర్షణీయంగా ఉన్నా దీన్ని కూడా లెక్కతో పరీక్షించాలి. 802.22లో డిజిటల్ టీవీ సంకేతాన్ని –114 డీబీఎమ్ వద్ద గుర్తించాలి. అతిథి 4 వాట్లతో, అంటే 36 డీబీఎమ్‌తో ప్రసారం చేస్తుంటే ఆ రెండింటి మధ్య తేడా 150 డెసిబెల్‌లు. వినే ఆంటెన్నాను దూరంగా పెడితే భారం కొంత తగ్గుతుంది గాని పోదు. నియంత్రణ సంస్థలు కూడా అతిథి చెవిని పూర్తిగా నమ్మలేదు. అమెరికా సమాచార ప్రసార కమిషన్ 2010లో, తమ స్థానాన్ని గుర్తించి డేటాబేస్‌ను సంప్రదించే పరికరాలు టీవీ సంకేతాలను వినాలన్న నిబంధనను తొలగించింది. అక్కడే 3550–3700 మెగాహెర్ట్జ్ పట్టీలో నౌకాదళ రాడార్లను కనిపెట్టే పనిని అతిథి రేడియోలకు కాక, తీరం వెంబడి ప్రత్యేకంగా నెలకొల్పిన సెన్సర్లకు అప్పగించారు.

దీన్ని బట్టి ఒక తీర్పుకు రావచ్చు. సమానులు పంచుకునే చోట, సంకేతాలు బలంగా ఉండి దూరాలు తక్కువగా ఉన్నప్పుడు, మాట్లాడుతూ వినడం మంచి పనిముట్టు. బలహీన సంకేతమున్న హక్కుదారుకు రక్షణగా మాత్రం అది ఒక్కటే చాలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
2. హాఫ్ డ్యూప్లెక్స్ వైఫై రేడియో తన సందేశం ఢీకొన్న సంగతిని ఎలా తెలుసుకుంటుంది?

9.6 పరిశ్రమ ఎంచుకున్న మధ్యేమార్గం

మొబైల్ ప్రమాణాలు రూపొందించే 3జీపీపీ సంస్థ 5జీ రిలీజ్-18లో ఈ విషయాన్ని అధ్యయనం చేసి, రిలీజ్-19లో నిబంధనలు రూపొందించే పని చేపట్టింది. అది ఎంచుకున్నది ఉపపట్టీ ఫుల్ డ్యూప్లెక్స్. ఇందులో టవర్ ఒకేసారి పంపుతుంది, వింటుంది. అయితే ఒకే ఛానెల్‌లోని వేర్వేరు ఉపపట్టీల్లో చేస్తుంది. ఫోన్ మాత్రం హాఫ్ డ్యూప్లెక్స్‌గానే ఉంటుంది. ఖర్చు, బరువు, విద్యుత్తు భరించగల టవర్‌కు కష్టమైన పని అప్పగించి, జేబులోని ఫోన్‌ను వదిలేశారన్నమాట. దీని ఉద్దేశం కూడా రెట్టింపు కాదు. పైకి పంపడానికి వంతు కోసం ఎదురుచూసే ఆలస్యాన్ని తగ్గించడం, పైదిశ ప్రసారానికి ఎక్కువ సమయం ఇవ్వడం ముఖ్య ప్రయోజనాలు. మనం 9.4లో చేరుకున్న అంచనాకు ఈ ఎంపిక దగ్గరగా ఉంది.

9.7 సారాంశం

ఒకే పౌనఃపున్యంలో ఒకేసారి పంపడం, వినడం అసాధ్యమన్న పాత మాట తప్పని 2010, 2013 పరిశోధనలు నిరూపించాయి. ఒక జత రేడియోల మధ్య దాదాపు రెట్టింపు వేగం సాధ్యమే. అయితే రద్దులో 10 డెసిబెల్‌లు తగ్గితే లాభం మాయం కావచ్చు. దూరం, పొరుగువారు, ఏకదిశ సమాచారం ఆ లాభాన్ని ఇంకా తగ్గిస్తాయి. కాబట్టి 'లింకు వేగం రెట్టింపు' అనే వాక్యాన్ని 'స్పెక్ట్రమ్ రెట్టింపు' అని చదవకూడదు. పంచుకునే చోట ఈ రేడియోకు ఉన్న విలువ మాట్లాడుతూ వినగలగడంలో ఉంది. ఆ విలువకూ హద్దులున్నాయి. ఇకపై ఏ పత్రికలోనైనా 'రెండు రెట్లు' అనే మాట కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఎవరి మధ్య కొలిచారు? ఎంత దూరంలో? పక్కన ఎవరున్నారు?

9.8 కీలక పదాలు

స్వీయ వ్యతికరణం: రేడియో పంపే సంకేతం దాని గ్రాహకానికే అడ్డు కావడం.
రద్దు: సొంత సంకేతపు నకలును తీసివేసి దాని ప్రభావాన్ని తగ్గించడం.
సర్క్యులేటర్: ఒకే ఆంటెన్నాకు వచ్చే, పోయే సంకేతాలను వేరుచేసే భాగం.
మౌన సమయం: ఇతరుల సంకేతాలను గుర్తించడానికి ప్రసారం ఆపే వ్యవధి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. 10 – (–90) = 100 డెసిబెల్‌లు.
2. సందేశం పూర్తిగా పంపిన తరవాత, అందినట్టు జవాబు రాకపోవడాన్ని బట్టి ఊహిస్తుంది.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 'ఫుల్ డ్యూప్లెక్స్ రేడియో స్పెక్ట్రమ్‌ను రెట్టింపు చేస్తుంది' – ఈ వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. స్పెక్ట్రమ్ పంచుకోవడంలో మాట్లాడుతూ వినగల రేడియో ఉపయోగాలను, పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 2010 నాటి ఆంటెన్నా అమరికపై ఉన్న రెండు ఆక్షేపణలు ఏవి? 2013 నాటి పత్రం వాటికి ఎలా జవాబిచ్చింది?
2. ఉపపట్టీ ఫుల్ డ్యూప్లెక్స్‌లో ఫోన్‌ను హాఫ్ డ్యూప్లెక్స్‌గానే ఎందుకు ఉంచారో మీ మాటల్లో రాయండి.